పాలు రాని రోజుకి సున్నా చుడతాం కదా!

మీ వంటింటి గోడమీద కాలెండరు ఉందా? ఉండే ఉంటుంది. ఎన్ని సెల్‌ఫోన్లొచ్చినా తిథీ వారం చూసుకోడానికీ, గ్యాస్ బండ ఎప్పుడు మార్చామో రాసుకోడానికీ, పాల లెక్కకీ మనకి గోడమీద కాలెండరే దిక్కు. పాలబ్బాయి రాని రోజున ఆ తారీఖు చుట్టూ సున్నా చుడతాం. అర లీటరు తక్కువ పోసిన రోజున "అర" అని రాస్తాం. నెలాఖరున అతను లెక్క చెప్పగానే కాలెండరు కేసి చూసి, "అదేమిటబ్బాయ్, 9వ తారీఖున నువ్వు రాలేదుగా! 17న అర లీటరేగా పోశావు" అంటాం. అతను తల గోక్కుని, నవ్వి, డబ్బు తగ్గించి పుచ్చుకుంటాడు. ఇందులో దెబ్బలాటేం లేదు. మనం కోప్పడిందీ లేదు, అతను నొచ్చుకున్నదీ లేదు. లెక్క లెక్కే!

మరి ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. ఇంట్లో ఇంటర్నెట్ రాని రోజుకి ఎప్పుడైనా సున్నా చుట్టారా?

నేనూ చుట్టలేదు సుమండీ! మా వీధి చివర పిన్నిగారి సంగతి చూసేదాకా నాకూ ఆ ఆలోచన రాలేదు. నెలయ్యేసరికి బిల్లు వస్తుంది, కట్టేస్తాం. మధ్యలో నాలుగు రోజులు రాకపోతే "వర్షం పడిందిగా, పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు" అని మనకి మనమే సర్దిచెప్పుకుంటాం. అర లీటరు పాలకి చూపించిన పట్టుదల అయిదారు వందల బిల్లు దగ్గర ఎందుకు చూపించం?

నాకు తోచిన కారణం ఒకటుంది. మన తరం వాళ్ళం ఫోన్ అంటే అదో వరం అనుకుంటూ పెరిగాం. ఫోన్ కోసం దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఇళ్ళెన్నో! ట్రంకాల్ బుక్ చేసి, ఎక్స్‌ఛేంజి వాళ్ళు ఎప్పుడు పిలుస్తారా అని భోజనం మానేసి కూర్చున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. లైన్‌మన్ వస్తే పండక్కి చుట్టం వచ్చినట్టు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టేవాళ్ళం. 1995 జూలై 31న అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు దేశంలో మొట్టమొదటి సెల్‌ఫోన్ కాల్ చేశారు. ఆ ఏడాదే ఆగస్టు 15న మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళకి, 1997లో, ఈ కంపెనీలన్నిటిమీదా కన్నేసి ఉంచడానికి ట్రాయ్ అనే నియంత్రణ సంస్థని పెట్టారు. కాలం ఇంత మారినా మనలో ఆ పాత భయం మాత్రం పోలేదు. గట్టిగా అడిగితే ఉన్న లైను కూడా పీకేస్తారేమో అనే భయం!

సరే, పిన్నిగారి సంగతికొస్తాను.

ఆవకాయ రోజుల్లో ఆగిపోయిన ఫోను

పిన్నిగారిది పచ్చళ్ళ వ్యాపారం. వ్యాపారం అంటే ఆవిడ ఒప్పుకోదు, "ఏదో నాలుగు జాడీలు పెడతానమ్మా" అంటుంది. కానీ ఆవిడ చేతి ఆవకాయ, మాగాయ, కందిపొడి హైదరాబాదుకీ బెంగుళూరుకీ కూడా వెళ్తాయి. బాబాయిగారు పోయి రెండేళ్ళు దాటింది. ఆయన బతికుండగా వేయించిన ల్యాండ్‌లైన్ నంబరే ఇప్పటికీ సీసాల మీద చీటీల్లో అచ్చయి ఉంటుంది. రాగి తీగ తీసేసి ఫైబర్ లైను వేసినప్పుడు కూడా ఆ నంబరు మారకుండా చూసుకుంది. ఒకే తీగ మీద ఫోనూ, ఇంటర్నెట్టూ. ఇరవై ఏళ్ళుగా ఆవకాయ కావాలంటే జనం తిప్పే నంబరు అదే.

మే నెల 3వ తారీఖున లైను పోయింది. మే నెలంటే తెలుసుగా, కాయ కొట్టే రోజులు! ఏడాదిలో సగం ఆర్డర్లు ఆ నాలుగు వారాల్లోనే వస్తాయి.

పిన్నిగారు తన సెల్ నించి కస్టమర్ కేర్‌కి చేసింది. తెలుగుకి ఒకటి నొక్కండి, ఫలానాకి రెండు నొక్కండి అని చెప్పినవన్నీ నొక్కింది. సంగీతం విన్నది. చివరికి ఒకమ్మాయి పలికింది.

"మీ రిజిస్టర్డ్ మొబైల్‌కి ఓటీపీ పంపాం మేడమ్, చెప్పండి."

"ఆ నంబరు మా ఆయనదమ్మా. ఇప్పుడు లేదు."

"సార్‌ని ఒకసారి లైన్లోకి రమ్మనండి మేడమ్."

"ఆయన పోయారమ్మా."

"ఎప్పుడొస్తారు మేడమ్?"

పిన్నిగారు ఫోన్ పెట్టేసింది. ఆ రోజుకి మళ్ళీ చెయ్యలేదు. మర్నాడు చేసింది, ఇంకెవరో పలికారు, అదే ప్రశ్న. ఆ మర్నాడూ అంతే. "అకౌంటు ఎవరి పేరునుందో వాళ్ళే మాట్లాడాలి మేడమ్, రూలు."

నాకీ సంగతి 6వ తారీఖున తెలిసింది. పాత బిల్లు ఒకటి వెతికి, అందులోని అకౌంటు నంబరు, లైను నంబరు పట్టుకుని ఇద్దరం ఆటోలో వాళ్ళ ఆఫీసుకే వెళ్ళాం. అప్పుడు గాని ఫిర్యాదు రాసుకోలేదు! ఒక నంబరిచ్చారు. దాన్నే డాకెట్ నంబరు అంటారట. ఇంటికొచ్చాక పిన్నిగారింట్లో పాల కాలెండరు మీద 6వ తారీఖు గడిలో ఆ నంబరు రాసి, 3, 4, 5 తారీఖుల చుట్టూ సున్నాలు చుట్టాను. పిన్నిగారు నవ్వింది. "ఇదేమిటే అమ్మాయ్, వీళ్ళేమైనా పాలవాళ్ళా?" అంది.

"కాకపోతే ఏమిటి పిన్నిగారూ, నెలకింతని పుచ్చుకుని రోజూ పొయ్యాల్సింది పొయ్యడం లేదుగా!" అన్నాను.

9వ తారీఖున మళ్ళీ ఫోన్ చేస్తే, "మీ కంప్లెయింట్ క్లోజ్ అయింది మేడమ్, లైను సరిచేశామని కస్టమర్‌కి మెసేజ్ కూడా పంపాం" అన్నారు.

"ఏ కస్టమర్‌కి నాయనా?" అంది పిన్నిగారు.

చూశారా విచిత్రం! మనిషి లేడు, ఆ నంబరూ లేదు. అయినా బాగుచేశామన్న కబురు మాత్రం ఆయనకే వెళ్ళింది. మళ్ళీ కొత్త ఫిర్యాదు, కొత్త నంబరు. అదీ కాలెండరు ఎక్కింది. 12న ఇంకోసారి అడిగితే ఈసారి "మనిషొస్తే తలుపు తాళం వేసి ఉంది" అన్నారు. కాయలు ముక్కలు కొట్టించి, తుడిచి ఆరబెట్టుకుంటూ ఆ వారమంతా పిన్నిగారు గడప దాటితే ఒట్టు! అది కూడా రాశాం.

చివరికి 15వ తారీఖున ఒక కుర్రాడు వచ్చాడు. వీధి మొదట్లో కాలువ తవ్విన చోట తీగ తెగింది. అరగంటలో అతికేశాడు. అరగంట పని! వెళ్తూ వెళ్తూ "నాకు నిన్న సాయంత్రమే చెప్పారమ్మా, అంతకుముందు ఎవరూ చెప్పలేదు" అన్నాడు. పాపం, వాడి తప్పేముంది? పిన్నిగారు చిన్న సీసాలో కొత్తావకాయ పెట్టి ఇచ్చింది.

పన్నెండు రోజులు పోయాయి. ఫోన్ కలవక ఎంతమంది వేరేచోట కొనుక్కున్నారో లెక్కలేదు. బెంగుళూరు నించి ప్రతి ఏడూ ఇరవై కిలోలు తెప్పించుకునే వాళ్ళు, "మీ నంబరు పలకలేదు, ఆవిడ మానేశారేమో అనుకున్నాం" అన్నారట. ఆ మాట చెప్పి పిన్నిగారు కళ్ళు తుడుచుకుంది. "మానేశారేమో అనుకున్నారే! పోయిందేమో అనుకోలేదు, అదే సంతోషం" అని మళ్ళీ తనే నవ్వేసింది.

బిల్లు మాత్రం టంచనుగా వచ్చింది

నెల తిరిగేసరికి బిల్లొచ్చింది. అద్దె 500, పన్ను 90, మొత్తం 590 రూపాయలు. ఒక్క పైసా తగ్గలేదు. పాలవాడైతే మనం ఊరుకుంటామా?

ఇక్కడే మనలో చాలామందికి తెలియని సంగతి చెప్పాలి. తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్‌కి ట్రాయ్ 2006లోనే నిబంధనలు పెట్టింది. ఫిర్యాదు ఇచ్చాక మూడు పనిదినాలు దాటి ఏడు లోపు బాగుచేస్తే ఏడు రోజుల అద్దె తగ్గించాలి. ఏడు దాటి పదిహేను లోపు అయితే పదిహేను రోజుల అద్దె. పదిహేను కూడా దాటితే నెల అద్దె. 2024లో పాతవన్నీ కలిపి కొత్త నిబంధనలు తెచ్చినప్పుడు కూడా, మూడు రోజులు దాటితే పరిహారం ఇవ్వాలన్న సూత్రాన్ని అలాగే ఉంచారు. సెల్‌ఫోన్లకి కూడా ఒక ఏర్పాటు వచ్చింది. జిల్లా మొత్తం మీద సిగ్నల్ 24 గంటలకి మించి పడిపోతే బిల్లు కట్టేవాళ్ళకి అద్దె తగ్గించాలి, రీచార్జి చేసుకునేవాళ్ళకి గడువు పెంచాలి.

గమనించారా, లెక్క మొదలయ్యేది లైను పోయిన రోజు నించి కాదు, ఫిర్యాదు రాసుకున్న రోజు నించి. "సార్‌ని రమ్మనండి" అంటూ పోగొట్టిన మూడు రోజులు అందుకే పిన్నిగారి లెక్కలోకి రాలేదు. ఫిర్యాదు నంబరు లేని ఫోన్ కాల్ ఎంతసేపు మాట్లాడినా గాలికి పోయిన మాటే!

అద్దె తగ్గించమని అడిగితే మొదట "లైను ఇప్పుడు పని చేస్తోంది కదా మేడమ్" అని ఆ ఫిర్యాదు కూడా మూసేశారు. అప్పుడు అప్పీలు పెట్టాం. ప్రతి కంపెనీలోనూ కస్టమర్ కేర్ పైన అప్పీలు అధికారి ఉండాలని 2012 నిబంధనలు చెబుతున్నాయి. మన ఫిర్యాదు తీరకపోయినా, చెప్పిన జవాబు నచ్చకపోయినా ముప్ఫై రోజుల లోపు ఆయనకి రాయవచ్చు. ఉత్తరమైనా సరే, ఈమెయిలైనా సరే. రుసుమేమీ లేదు. 39 రోజుల్లో తేల్చాలి. మన అప్పీలు చూసే కమిటీలో వినియోగదారుల సంఘం తరఫున ఒకరు ఉంటారు కూడా. చాలామంది కస్టమర్ కేర్ దగ్గరే విసిగిపోయి ఆగిపోతారు. పై మెట్టు ఉందని తెలిస్తే కదా ఎక్కడానికి!

పిన్నిగారు రాసిన ఉత్తరం పది వాక్యాలు. తిట్లు లేవు, ఏడుపు లేదు. అకౌంటు నంబరు, లైను పోయిన తేదీ, మూడు డాకెట్ నంబర్లు వాటి తేదీలతో, అసలు బాగైన తేదీ, "కాబట్టి పదిహేను రోజుల అద్దె తగ్గించవలసింది" అన్న ఒక్క కోరిక. కాలెండరు పేజీ ఫోటో తీసి జత చేశాం. నెల లోపే జవాబొచ్చింది. తర్వాతి బిల్లులో 250 రూపాయల అద్దె, దానిమీద 45 రూపాయల పన్ను తగ్గించారు.

295 రూపాయలు! పోయిన ఆర్డర్ల ముందు ఇదెంత, నిజమే. కానీ ఆ బిల్లు చూసుకున్నప్పుడు పిన్నిగారి మొహం మీరు చూడాల్సింది. "అడిగితే ఇస్తారన్నమాట!" అంది. ఆ తర్వాత వెళ్ళి, బాబాయిగారి మరణ ధ్రువపత్రం ఇచ్చి లైను తన పేరుకి మార్పించుకుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు మాత్రం కాసేపు కలం పట్టుకుని ఊరికే కూర్చుంది. నేనూ ఏం మాట్లాడలేదు.

అందుకే ముందుగా చెబుతున్నాను. మీ ఇంట్లో లైను ఎవరి పేరునుంది? మావారి పేరునే ఉంటే తప్పేమీ లేదు. కానీ పగలంతా ఇంట్లో ఉండేది మనం, వచ్చినవాడికి తలుపు తీసేది మనం, ఓటీపీ మాత్రం ఆఫీసులో మీటింగులో ఉన్న ఆయన జేబులో మోగుతుంది. మీ నంబరు కూడా ఆ అకౌంటులో రాయించుకోండి.

ఫిర్యాదుకి ముందు మన ఇంట్లో చూసుకోవలసినవి

అన్ని తప్పులూ అవతలివాళ్ళవే అంటే అన్యాయం. మన ఇళ్ళలో మనం చేసేవీ కొన్ని ఉన్నాయి.

ఫైబర్ లైను పెట్టె మీద చిన్న చిన్న దీపాలుంటాయి. అందులో "లాస్" అని రాసి ఉన్న దగ్గర ఎర్రదీపం వెలుగుతుంటే కాంతి మన ఇంటిదాకా రావడం లేదని అర్థం. దాన్ని ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, తీగే చూడాలి. ఫోన్ చేసినప్పుడు "లాస్ దగ్గర ఎర్రదీపం వెలుగుతోంది" అని చెప్పండి. "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి మేడమ్" అనే పాఠం తగ్గుతుంది. ఎర్రదీపం లేకుండా నెమ్మదిగా వస్తుంటే మాత్రం ఒకసారి ఆపి, కాసేపాగి వేసి చూడండి.

ఫైబర్ తీగ లోపల ఉండేది వెంట్రుకలాంటి సన్నని గాజు. దాన్ని మేకుకి చుట్టి బిగించకండి, తలుపు సందులో నలగనివ్వకండి. బాల్కనీలో వేలాడుతోంది కదా అని తడి తువ్వాళ్ళు ఆరేసే ఇళ్ళు నేను చూశాను!

వైఫై పెట్టెని అందం కోసం అలమరలో స్టీలు సామాన్ల వెనక దాచకండి. లోహం సంకేతాన్ని అడ్డుకుంటుంది. చేపల తొట్టి పక్కన పెట్టినా అంతే, నీళ్ళు మింగేస్తాయి. మైక్రోవేవ్ ఒవెన్ పక్కన అసలే వద్దు. ఒవెన్ వాడే తరంగాలూ, వైఫైలో పాత రకం తరంగాలూ ఇంచుమించు ఒకటే. పాయసం వేడి చేసినప్పుడల్లా పిల్లాడి పాఠం ఆగిపోతోందంటే కారణం ఇదే. పెట్టెని ఇంటి మధ్యలో, కాస్త ఎత్తున పెట్టండి.

ఇంకొక తికమక. "వంద అన్నారు, పన్నెండే వస్తోంది, మోసం!" అని మా ఆడపడుచు ఒకసారి గొడవ పెట్టుకుంది. కంపెనీలు వేగాన్ని బిట్లలో చెబుతాయి. కంప్యూటర్‌లో ఏదైనా దింపుకునేటప్పుడు కనిపించే అంకె చాలాసార్లు బైట్లలో ఉంటుంది. మన పాత కొలతల్లో తవ్వకి ఎనిమిది గిద్దలున్నట్టే, బైటుకి ఎనిమిది బిట్లు. వందని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. గిద్దల్లో కొని తవ్వల్లో కొలుచుకుంటే తక్కువే కనిపిస్తుంది మరి!

ఏడాదికి పదమూడు నెలలు

సెల్‌ఫోన్ రీచార్జిల సంగతి కూడా కాస్త చూద్దాం. చాలా పథకాల గడువు 28 రోజులు. నెలే కదా అనుకుంటాం. 365ని 28తో భాగించి చూడండి, పదమూడొస్తుంది. అంటే ఏడాదికి పదమూడు సార్లు కడుతున్నాం. రీచార్జి 299 రూపాయలు అనుకుంటే ఒక్కో ఫోనుకి ఏడాదికి 299 అదనం. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే దాదాపు పన్నెండు వందలు. పండక్కి ఒక చీర ఖరీదు! జనం మొత్తుకోగా 2022 జనవరిలో ట్రాయ్ ప్రతి కంపెనీ 30 రోజుల గడువున్న పథకాలు, ప్రతి నెలా అదే తారీఖున చేసుకునే పథకాలు కూడా ఉంచి తీరాలని చెప్పింది. కానీ అవి దుకాణం ముందు వరసలో కనిపించవు. మనమే అడగాలి.

అలాగే మా అత్తగారి ఫోను. ఆవిడ ఫోనెత్తి మాట్లాడడం తప్ప ఇంకేమీ చెయ్యరు. బొత్తాల ఫోను. అయినా రోజుకింత ఇంటర్నెట్ అని దానికీ డబ్బు కట్టేవాళ్ళం. 2024 డిసెంబరులో ట్రాయ్ మాటలకీ, మెసేజీలకీ మాత్రమే విడిగా పథకాలు పెట్టాలని, వాటి గడువు 365 రోజులదాకా ఉండవచ్చని చెప్పింది. మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళుంటే కనుక్కోండి.

మీరడగని పాటలో, జ్యోతిషమో తగిలించి డబ్బు కోసేస్తుంటే 155223కి చేసి తీసెయ్యమనండి. వ్యాపార ప్రకటనల ఫోన్లు వద్దంటే 1909. కంపెనీయే నచ్చకపోతే నంబరు మారకుండా ఇంకో దానికి మారవచ్చు. ఈ సౌకర్యం 2011 జనవరి 20 నించి దేశమంతా ఉంది. పోర్ట్ అని టైపు చేసి, ఖాళీ వదిలి మీ నంబరు రాసి 1900కి మెసేజ్ పెట్టాలి. ఇది సెల్ నంబర్లకే, ల్యాండ్‌లైనుకి లేదు. పిన్నిగారు మారలేకపోడానికి కారణం అదే.

కోపంలో గోతిలో పడకండి

విసిగిపోయి ఉన్నప్పుడు మనిషి జాగ్రత్త మర్చిపోతాడు. ఆ పన్నెండు రోజుల్లో ఒకరోజు పిన్నిగారు సెల్‌లో "కస్టమర్ కేర్ నంబరు" అని వెతికి, పైన కనిపించిన నంబరుకి చేసింది. ఎంత మర్యాదగా మాట్లాడాడట! సంగీతం లేదు, ఒకటి నొక్కు రెండు నొక్కు లేదు. "అయ్యో అమ్మా, ఇన్ని రోజులా! పది రూపాయలు కట్టండి, గంటలో మనిషొస్తాడు. నేను పంపే యాప్ వేసుకోండి" అన్నాడు. అదృష్టం బాగుండి అప్పుడే నేను వెళ్ళాను. అలాంటి యాప్ వేసుకుంటే మన ఫోన్ తెర అంతా వాడికి కనిపిస్తుంది. బ్యాంకు ఓటీపీతో సహా!

కంపెనీ నంబరు మీ బిల్లు మీద, కంపెనీ సొంత యాప్‌లో చూసుకోండి. ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన నంబరుకి చెయ్యకండి. స్టార్ గుర్తుతో ఏదో నంబరు తిప్పమన్నా తిప్పకండి, మన కాల్స్ వాళ్ళకి మళ్ళిపోతాయి. "ట్రాయ్ నించి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ సిమ్ ఆపేస్తాం" అంటే నిర్భయంగా పెట్టెయ్యండి. ట్రాయ్ ఎవరి ఫోనూ అలా ఆపదు. విడి విడి మనుషుల ఫిర్యాదులు తీర్చడం కూడా దాని పని కాదు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

అప్పీలు కూడా వినకపోతే?

అప్పుడు వినియోగదారుల కమిషన్ ఉంది. ఇక్కడొక కథ. 2009లో సుప్రీంకోర్టు, టెలిఫోన్ తగాదాలు టెలిగ్రాఫ్ చట్టం కింద తేల్చుకోవాలి గాని వినియోగదారుల ఫోరానికి రాకూడదంది. దాంతో ఎన్నో కేసులు గడప దగ్గరే ఆగిపోయాయి. అహమ్మదాబాదులో ఒకాయనకి మామూలుగా అయిదారు వందలొచ్చే సెల్ బిల్లు 2013 చివర్లో ఒక్క నెలకి 24,609 రూపాయలొచ్చింది. ఆయన 2014లో ఫోరానికి వెళ్ళాడు. "మీకు ఆ అధికారం లేదు" అంటూ కంపెనీ సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. 2022 ఫిబ్రవరి 16న కోర్టు, వినియోగదారుడు కమిషన్‌కి వెళ్ళవచ్చునని తేల్చి చెప్పింది. ఇప్పుడున్న 2019 చట్టంలో సేవల జాబితాలో టెలికాం పేరు కూడా స్పష్టంగా ఉంది. మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. వస్తువుకో సేవకో మనం కట్టిన మొత్తం అయిదు లక్షల లోపయితే రుసుము లేదు. ప్లీడరు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. రెండేళ్ళ లోపు వెయ్యాలి. ముందుగా సలహా కావాలంటే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఇవన్నీ చదివి రేపే కోర్టుకెక్కమని నేననడం లేదు. మనకి కావలసింది తగాదా కాదు, లెక్క. కాబట్టి ఇవి మాత్రం వంటింట్లో గుర్తుంచుకోండి:

లైను పోయిన రోజునే ఫిర్యాదు ఇవ్వండి. డాకెట్ నంబరు తీసుకోకుండా ఫోన్ పెట్టెయ్యకండి.

నంబరు, తేదీ, మాట్లాడిన వేళ కాలెండరు మీద రాయండి. రాని ప్రతి రోజుకీ సున్నా చుట్టండి.

బాగుచెయ్యకుండానే "క్లోజ్" అన్నారా, అదే రోజు మళ్ళీ ఫిర్యాదు, కొత్త నంబరు.

మూడు రోజులు దాటితే అద్దె తగ్గింపు అడగండి. కుదరదంటే అప్పీలు.

లైను మానేసి పెట్టె తిరిగి ఇచ్చేటప్పుడు రసీదు తప్పకుండా తీసుకోండి. డిపాజిట్ వెనక్కి రావాలంటే ఆ కాగితమే సాక్ష్యం.

ఇంకొక్క మాట. ఫోన్లో పలికే ఆ అమ్మాయి మీద మాత్రం అరవకండి. ఆమె ముందున్న తెర మీద ఏముంటే అదే చదువుతుంది. తీగ తెంపింది ఆమె కాదు, బిల్లు వేసిందీ ఆమె కాదు. ఆమె కూడా మనలాంటి ఇంటి బిడ్డే, సాయంత్రానికి గొంతు పోయి ఇంటికి చేరుతుంది. మెత్తగా మాట్లాడండి, నంబరు మాత్రం వదలకండి.

మొన్న పిన్నిగారింటికి వెళ్ళాను. సీసాల మీద కొత్త చీటీలు. పాత ల్యాండ్‌లైన్ నంబరు కింద ఆవిడ సెల్ నంబరు కూడా అచ్చు వేయించింది. గోడమీద కొత్త ఏడాది కాలెండరు. 11వ తారీఖు చుట్టూ ఎర్ర సిరాతో రెండు సున్నాలున్నాయి.

"రెండెందుకు పిన్నిగారూ?" అన్నాను.

"ఒకటి పాలకి, ఒకటి ఇంటర్నెట్‌కి. ఆ రోజు ఇద్దరూ ఎగ్గొట్టారే!" అంది.